పళ్ళు కలిసే చోటు

పళ్ళ డాక్టరు దగ్గర పని అయిపోయింది అనుకున్నాక ఇంకో అర నిమిషం మిగిలి ఉంటుంది. పుక్కిలించి ఉమ్మేసి కుర్చీ దిగబోతుంటే ఆపుతారు. కొత్తగా సిమెంట్ పెట్టిన పన్ను మీద నీలం కాగితం ముక్క పరిచి "కరవండి" అంటారు. "టకటకలాడించండి. ఇప్పుడు పళ్ళు విడదీయకుండా కుడివైపు జరపండి. ఇటు, ఎడమకి." కాగితం తీస్తే పన్ను మీద నీలం చుక్కలు ఉంటాయి. మిగతావాటికన్నా చిక్కగా పడ్డ చుక్కని కాస్త గీకి, మళ్ళీ కాగితం పెట్టి, మళ్ళీ కరవమంటారు. కుర్చీలో ఉన్నవాళ్ళకి ఇదంతా చివర్లో చేసే లాంఛనంలా కనిపిస్తుంది. నాకూ చాలాకాలం అలాగే కనిపించింది.

ఆ అర నిమిషం నాకు ఒకసారి దక్కలేదు. కింద దవడలో పుచ్చిన పన్నుకి సిమెంట్ పెట్టించుకుని మా ఊరు ధవళేశ్వరం వచ్చేశాను. ఆ రోజు క్లినిక్ బయట జనం చాలామంది ఉన్నారు, కాగితం సంగతి ఎవరికీ గుర్తు లేదు. సగం మొహం మొద్దుబారి ఉంది కాబట్టి తేడా నాకూ తెలియలేదు. సాయంత్రం మత్తు దిగాక నోరు మూస్తే మిగతా పళ్ళకన్నా ముందు ఆ పన్నే తగిలింది. మూడో రోజుకి మజ్జిగన్నం తిన్నా సలుపు మొదలైంది. వారం తిరిగేసరికి నాకు తెలియకుండానే రెండోవైపే నములుతున్నాను, చెవి ముందు బరువుగా ఉంటోంది. పన్ను లోపల చెడిపోయిందేమో, రూట్ కెనాల్ తప్పదేమో అని భయపడి ఇంకొకరి దగ్గరికి వెళ్ళాను. ఆయన కాగితం పెట్టి కరవమన్నారు, ఒకచోట గీకారు, మళ్ళీ కరవమన్నారు. రెండు నిమిషాల పని. నాలుగు రోజుల్లో నొప్పి పోయింది.

అప్పటి నుంచి ఈ విషయం దొరికినచోటల్లా చదివాను, తెలిసినవాళ్ళని అడిగాను. దవడ ఎలా కదులుతుంది, పళ్ళు ఎక్కడ కలుస్తాయి అన్న ప్రశ్న చుట్టూ 160 ఏళ్ళకు పైగా వాదం నడుస్తోంది. ఆ వాదం రెండువైపులా తప్పుదారి పట్టింది. ఒకవైపు వైద్యులు పళ్ళ కలయికను అసలు చూడరు, ఒక్కొక్క పన్నునే బాగుచేసి పంపుతారు. రెండోవైపు వైద్యులు దవడ దగ్గర వచ్చే ప్రతి నొప్పికీ కలయికే కారణమని నమ్మి, బాగున్న పళ్ళని అరగదీస్తారు. మొదటి తప్పు మన ఊళ్ళలో రోజూ జరిగేది. రెండోది పెద్ద ఊళ్ళలో పెద్ద ఖర్చుతో జరిగేది, ఇప్పుడు మన దగ్గరికీ వస్తోంది.

ముందు దవడ సంగతి. రెండు చూపుడు వేళ్ళూ చెవుల ముందు ఆనించి మెల్లగా నోరు తెరవండి. మొదట ఏదో తిరిగినట్టుంటుంది. ఇంకా తెరిస్తే వేళ్ళ కింద ఎముక ముందుకు జారుతుంది. మొదటి భాగంలో దవడ తలుపులా బందు మీద తిరుగుతుంది, రెండో భాగంలో బందుతో సహా సొరుగులా ముందుకు వస్తుంది. ఎముకకీ ఎముకకీ మధ్య మెత్తని బిళ్ళ ఒకటి ఉండి దవడతోపాటు జారుతుంది. కింద దవడ ఒకే ఎముక, దానికి రెండు చివర్లా రెండు కీళ్ళు. ఒకటి కదిలితే రెండోది కదలక తప్పదు. కావడి బద్దలాంటిది, ఒక చివర బరువు మారితే రెండో చివరకీ తెలుస్తుంది. 1952లో స్వీడన్ దంతవైద్యుడు ఉల్ఫ్ పాసెల్ట్ కింది ముందుపన్ను కొన ఎంత మేర తిరగగలదో గీసి చూపించాడు. ఆ గీతను దంతవైద్య విద్యార్థులు ఈనాటికీ నేర్చుకుంటారు. మామూలు మనిషి నోరు 40 నుంచి 50 మిల్లీమీటర్లు తెరుచుకుంటుంది. కొలవడానికి స్కేలు అక్కర్లేదు. మీ మూడు వేళ్ళు నిలువుగా మీ ముందుపళ్ళ మధ్య పడితే చాలు.

పళ్ళు ఎంత సున్నితమో అన్నం తినే ప్రతి ఒక్కరికీ తెలుసు. ముద్దలో వెంట్రుక ఒకటి వస్తే నాలుక కన్నా ముందు పన్ను చెబుతుంది. పంటి వేరుకీ దవడ ఎముకకీ మధ్య సన్నని నార పొర ఉంటుంది. పన్ను దాని మీద ఉయ్యాలలా వేలాడుతుంది, నొక్కుడు ఎంతో మెదడుకి చెప్పేది ఆ పొరే. పళ్ళ మధ్య 20 మైక్రాన్ల రేకు పెట్టినా చాలామంది గుర్తుపడతారు. వెంట్రుక అంతకు మూడు నాలుగు రెట్లు మందం. అందుకే సిమెంట్ కాస్త ఎత్తుగా మిగిలితే బయటకి ఏమీ కనిపించకపోయినా, నమిలే ప్రతిసారీ ఆ పన్నే అందరికన్నా ముందు దెబ్బ తిని నార పొర వాచిపోతుంది. ఇంప్లాంట్‌కి ఆ పొర ఉండదు, టైటానియం నేరుగా ఎముకకే అతుకుతుంది. బరువు ఎక్కువైనా అది నొప్పితో చెప్పదు. చెప్పాల్సిన సమయానికి స్క్రూ వదులవడమో, పింగాణీ పెచ్చు లేవడమో జరుగుతుంది. సొంత పన్ను కన్నా ఇంప్లాంట్ దగ్గరే నీలం కాగితం పని ఎక్కువ జాగ్రత్తగా జరగాలి.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. పళ్ళు రోజంతా కలిసి ఉండవు, ఉండకూడదు కూడా. పెదాలు కలిసి ఉన్నా పైపళ్ళకీ కిందిపళ్ళకీ మధ్య రెండు నుంచి నాలుగు మిల్లీమీటర్ల సందు ఉండాలి. నమలడం, మింగడం అన్నీ కలిపినా 24 గంటల్లో పళ్ళు ఒకదానికొకటి ఆనేది ఇంచుమించు 20 నిమిషాలే. లెక్కలు చూసుకుంటూనో, బండి నడుపుతూనో, ఫోన్లోకి తొంగి చూస్తూనో గంటల తరబడి పళ్ళు బిగించి కూర్చునేవాళ్ళకి సాయంత్రానికి కణతలు లాగుతాయి. వాళ్ళలో చాలామంది అది మామూలు తలనొప్పి అనుకుని మాత్ర వేసుకుంటారు. ఈ పేరా చదువుతూ మీ పళ్ళు ఎలా ఉన్నాయో ఒకసారి చూసుకోండి.

ఇక చరిత్ర. దవడ తప్పితే సరిచేయడం చాలా పాత విద్య. ఈజిప్టులో దొరికిన ఎడ్విన్ స్మిత్ పేపిరస్‌లో, తెరుచుకున్న నోరు మూతపడనివాడికి బొటనవేళ్ళు నోట్లో పెట్టి దవడని వెనక్కి నెట్టమని ఉంది. ఈనాటి ఎమర్జెన్సీ డాక్టరూ దాదాపు అలాగే చేస్తాడు. సుశ్రుత సంహిత దవడ సంధి తప్పినప్పుడు కాపడం పెట్టి, సరిచేసి, పంచాంగీ అనే కట్టు కట్టమంది. పళ్ళ కలయికను శాస్త్రంగా కొలవడం మాత్రం 19వ శతాబ్దంలోనే మొదలైంది. 1858లో అమెరికాలో విలియం బాన్‌విల్ రెండు కీళ్ళూ, కింది ముందుపళ్ళ మధ్య బిందువూ కలిపితే నాలుగంగుళాల సమబాహు త్రిభుజం వస్తుందని లెక్కగట్టి, దాని ఆధారంగా దవడలా కదిలే యంత్రం చేశాడు. ఆర్టిక్యులేటర్ అని దానికి పేరు. కట్టుడు పళ్ళు చేసే ల్యాబుల్లో పళ్ళ అచ్చులు బిగించి ఆడించే ఇత్తడి పరికరం దాని వంశంలోదే. 1890లో జర్మనీలో ఫెర్డినాండ్ స్పే పళ్ళ వరస సమతలంగా ఉండదు, వెనక్కి వెళ్ళేకొద్దీ పైకి వంగుతుంది అని గమనించాడు. 1899లో ఎడ్వర్డ్ యాంగిల్ వంకర పళ్ళని మూడు తరగతులు చేశాడు. క్లిప్పులు వేసే డాక్టరు "మీ పాపది క్లాస్ టూ" అన్నప్పుడు పలికేది ఆయన మాటే. 1908లో లండన్‌లో నార్మన్ బెనెట్ దవడ పక్కకి జరిగేటప్పుడు మొత్తం ఎముకే కాస్త పక్కకి జరుగుతుందని చూపించాడు.

1926లో కాలిఫోర్నియాలో బెవర్లీ మెక్‌కాలమ్, ఆయన సహచరులు నేథలాజికల్ సొసైటీ పెట్టారు. దవడ కదలికని ఇంజినీరులా కొలిచి, యంత్రంలో తిరిగి పుట్టించి, దానికి సరిపడేలా పళ్ళన్నీ చెక్కవచ్చని వాళ్ళ నమ్మకం. వాళ్ళ ఓపిక ముందు తల వంచాలి. ఈనాడు క్యాపులు, బ్రిడ్జిలు నోట్లో అమరుతున్నాయంటే ఆ కొలతల పుణ్యమే. 1958లో డామికో అనే దంతవైద్యుడు కోరపళ్ళ మీద రాసిన వ్యాసాలు ఇంకో అడుగు. దవడ పక్కకి జరిగేటప్పుడు కోరపన్ను ఒక్కటే తాకి వెనక దవడపళ్ళని విడదీస్తే వాటికి అడ్డదెబ్బ తగలదు. పళ్ళు నిలువు బరువు బాగా మోస్తాయి, అడ్డబరువే వాటికి పడదు. నీలం కాగితం పెట్టి పక్కకి జరపమనేది అందుకే. "కరవండి" దగ్గరే ఆగిపోతే పరీక్ష సగమే అయినట్టు.

ఈ లెక్కల మధ్య తేలని మాట ఒకటుంది. దవడ కీలు దాని గూట్లో ఎక్కడ ఉంటే అది సహజస్థానం? దాన్ని సెంట్రిక్ రిలేషన్ అంటారు. 2005లో వెలువడిన ప్రోస్థోడాంటిక్స్ పదకోశం ఆ ఒక్క మాటకి ఏడు నిర్వచనాలు ఇచ్చింది. ఒకటి కీలు వెనక్కి ఉండాలంటే, ఇంకోటి పైకీ ముందుకీ ఉండాలంటుంది. పళ్ళు ఒక్కటీ లేనివాళ్ళకి కట్టుడు పళ్ళు అమర్చడానికి ఎక్కడో ఒకచోట మొదలుపెట్టాలి, దానికి ఈ మాట పనికొస్తుంది. అయితే ఏడు రకాలుగా చెప్పుకున్న చోటుకి తేవాలని, తినగలిగే మనిషి బాగున్న పళ్ళని గీకడం నాకు ఒప్పుకోవాలనిపించదు.

ఆ గీకుడు ఎక్కడ మొదలైందో చెప్పాలి. 1934లో సెయింట్ లూయిస్‌లో జేమ్స్ కాస్టెన్ అనే చెవి ముక్కు గొంతు డాక్టరు పదకొండు మంది రోగుల గురించి రాశాడు. చెవిలో హోరు, దిబ్బడ, తలనొప్పి, కళ్ళు తిరగడం అన్నిటికీ కారణం వెనక పళ్ళు పోయి దవడ పైకి నొక్కుకుపోవడమే అన్నాడు. శరీర నిర్మాణం చదివినవాళ్ళు అది అలా కుదరదని తర్వాత చూపించారు. కానీ అప్పటికే కాస్టెన్ సిండ్రోమ్ పేరు స్థిరపడింది. దవడ నొప్పి చెవి డాక్టర్ల దగ్గర నుంచి పళ్ళ డాక్టర్ల చేతికి వచ్చింది, వాళ్ళ చేతిలో ఉన్నది పళ్ళు గీకే మిషను. 1961లో రామ్‌ఫ్యోర్డ్ అనే దంతవైద్యుడు పళ్ళు నూరడానికి కలయికలోని అడ్డంకులే కారణమని, వాటిని తీసేస్తే నూరడం ఆగుతుందని రాశాడు. 1969లో లాస్కిన్ అనే దవడ సర్జన్ చాలామందిలో నొప్పి కీలుది కాదు, అలసిన కండరాలది అని వాదించాడు.

తర్వాత పరీక్షలు జరిగాయి. 1980ల్లో కావాలనే ఎత్తు క్యాపులు పెట్టి రాత్రి నూరడం పెరుగుతుందా అని చూశారు. పెరగలేదు. 2005లో ఇటలీ పరిశోధకులు ఆరోగ్యవంతులైన ఆడవాళ్ళ పళ్ళ మీద సన్నని బంగారు రేకు అతికించారు. దవడ కండరాలు మరింత బిగుసుకోలేదు సరికదా, పగటిపూట బిగించడం తగ్గింది. ఒంట్లో దెబ్బ తగిలిన చోటుని మనం కాచుకున్నట్టే దవడ ఎత్తయిన పన్నుని కాచుకుంది. అంతకు కొద్ది ముందు ఫిన్లాండ్‌లో జరిగిన ఇలాంటి పరీక్ష ఇంకో సంగతి బయటపెట్టింది. అంతకుముందు దవడ నొప్పి వచ్చి తగ్గినవాళ్ళు మాత్రం ఆ కృత్రిమమైన ఎత్తుని అంత తేలిగ్గా తట్టుకోలేకపోయారు. అంటే కలయిక ఒక్కటే నొప్పి పుట్టించదు కానీ, నొప్పికి అలవాటుపడిన దవడ దగ్గర అది ఊరకే ఉండేదీ కాదు. 2003లో కోక్రేన్ సమీక్ష అప్పటికున్న పరీక్షలన్నీ కలిపి చూసి, పళ్ళు గీకి కలయిక సరిచేస్తే దవడ నొప్పి తగ్గుతుందనడానికి గానీ, రాకుండా ఉంటుందనడానికి గానీ ఆధారం లేదని తేల్చింది.

2023 డిసెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ప్రచురించిన మార్గదర్శకం దీర్ఘకాలిక దవడ నొప్పికి దవడ వ్యాయామాలు, ఫిజియోథెరపిస్టు చేతి చికిత్స, కండరాల బిగువు వదిలించడం, మానసిక చికిత్స, ధైర్యం చెప్పి విడమరచడం వీటినే గట్టిగా సిఫారసు చేసింది. కలయికని శాశ్వతంగా మార్చేసే ఉపకరణాలు, కీలులోని బిళ్ళని తీసేసే ఆపరేషన్ వద్దని అంతే గట్టిగా చెప్పింది. ఆ జాగ్రత్తకి కారణం ఉంది. 1980ల్లో అమెరికాలో దెబ్బతిన్న బిళ్ళ స్థానంలో వైటెక్ అనే కంపెనీ చేసిన టెఫ్లాన్ ఇంప్లాంట్లు వేలమందికి పెట్టారు. అవి లోపల పొడిపొడిగా రాలి ఎముకని తినేశాయి. 1990-91లో అక్కడి ప్రభుత్వ సంస్థ వాటిని వెనక్కి తీయించేసరికి చాలామంది ఆపరేషన్ మీద ఆపరేషన్ చేయించుకుని ఉన్నారు. దవడ దగ్గర టిక్కుమని చప్పుడు వస్తోందని భయపడేవాళ్ళకి నేను చెప్పేది ఒకటే. నొప్పి లేకుండా, నోరు బాగా తెరుచుకుంటూ ఉంటే ఆ చప్పుడుకి వైద్యం అక్కర్లేదు. చప్పుడు ఆగి, నోరు సగమే తెరుచుకుంటే అది వేరే సంగతి, వెంటనే చూపించుకోవాలి.

పిల్లలు రాత్రిళ్ళు పటపటమని పళ్ళు కొరికితే కడుపులో నులిపురుగులున్నాయని మన ఇళ్ళలో అంటారు. నులిపురుగుల మందు దాని అవసరం కోసం వేయించవలసిందే. పళ్ళు కొరకడం మాత్రం నిద్రలో మెదడు పూర్తిగా మేలుకోకుండానే చిన్నగా కదిలే క్షణాలతో ముడిపడిన విషయం. చాలామంది పిల్లల్లో పెద్దపళ్ళు వచ్చేసరికి తగ్గిపోతుంది. రాత్రి పళ్ళకి తొడుక్కోమని పెద్దవాళ్ళకి ఇచ్చే నైట్ గార్డు పళ్ళ అరుగుదలని ఆపుతుంది, అలవాటుని ఆపదు. ఆ తేడా చెప్పకుండా దాన్ని వైద్యంగా అమ్మడం సరికాదు.

ఇంతవరకూ కలయిక మీద పెట్టిన అతి నమ్మకం. మన ఊళ్ళలో పెద్ద కష్టం దీనికి ఎదురు, కలయికని అసలు చూడకపోవడం. పళ్ళ ఆరోగ్యాన్ని లెక్కించడానికి ప్రపంచమంతా వాడే కొలమానం 1938లో పుట్టింది. పుచ్చినవి ఎన్ని, పోయినవి ఎన్ని, నింపినవి ఎన్ని అని కూడతారు. బడికి క్యాంపు వచ్చినా, ఊళ్ళో క్యాంపు పెట్టినా ఆ లెక్కే. బిల్లు కూడా పన్నుకి ఇంత అనే. అది అవసరమైన లెక్కే, కానీ కలయిక అందులో ఎక్కడా కనపడదు. నోరు ఎంత తెరుచుకుంటోంది, దవడ ఎటైనా పక్కకి పోతోందా, పళ్ళు ఎక్కడ ముందు తాకుతున్నాయి అన్న మూడు ప్రశ్నలు కార్డు మీద రాసి ఉంటే ఎంత బాగుండేదో అనిపిస్తుంది. రాజమండ్రి పక్కన రాజానగరంలో జి.ఎస్.ఎల్., లెనోరా డెంటల్ కాలేజీలున్నాయి, భీమవరంలో విష్ణు కాలేజీ ఉంది. వాటిలో ఈ విషయాలు చెప్పే విభాగాలున్నాయి, పరీక్షించే పరికరాలున్నాయి. మా ధవళేశ్వరం నుంచి రాజానగరం వెళ్ళిరావడం ఒక పూట పని. లంక గ్రామాలవాళ్ళకి అది రోజు కూలి పోవడం. కాబట్టి ఈ పరీక్ష కాలేజీ దాకా వెళ్ళగలిగినవాళ్ళకే కాదు, ఊరి క్లినిక్‌లోనే జరగాలి. దానికి కావలసింది ఒక స్కేలు, రెండు వేళ్ళు, నీలం కాగితం.

కలయికని చూడకపోతే జరిగే నష్టాల్లో నన్ను ఎక్కువ బాధపెట్టేది పిల్లలది. డాబా మీంచో, జామచెట్టు మీంచో, సైకిలు మీంచో పడి పిల్లవాడి గడ్డం పగులుతుంది. ఆసుపత్రిలో కుట్లు వేసి పంపిస్తారు. గడ్డానికి తగిలిన దెబ్బ కావడి బద్ద వెంట చెవి ముందున్న కీలుదాకా పోతుందని, అక్కడ ఎముక మెడ విరిగి ఉండొచ్చని చాలాసార్లు ఎవరూ చూడరు. నొప్పికి పిల్లవాడు నోరు తెరవడం మానేస్తాడు. గడ్డకట్టిన రక్తం ఎముకగా మారి కీలు గూటికి అతుక్కుపోవచ్చు. దాన్ని యాంకిలోసిస్ అంటారు, మన దేశంలో దీనికి ఎక్కువగా కారణం చిన్నతనంలో పడ్డ దెబ్బలే. నోరు వేలు పట్టనంతగా బిగుసుకుంటుంది, కింద దవడ పెరగాల్సిన కేంద్రం అక్కడే కాబట్టి గడ్డం లోపలికే ఉండిపోతుంది. అప్పుడు చేసేది పెద్ద ఆపరేషన్, తర్వాత ఏళ్ళ తరబడి వ్యాయామం. మొదట్లో చేయాల్సింది చాలా చిన్నది. గడ్డం పగిలిన పిల్లవాడి చెవి ముందు వేళ్ళు పెట్టి నోరు తెరిపించి చూడాలి, ఎక్స్‌రే తీయించాలి, డాక్టరు చెప్పిన రోజు నుంచి నోరు తెరిచే వ్యాయామం మానకుండా చేయించాలి.

పెద్దవాళ్ళు బండి మీంచి పడ్డప్పుడు వాళ్ళని అడగవలసిన మొదటి ప్రశ్నల్లో ఇది ఒకటి: "మీ పళ్ళు ముందులాగే కలుస్తున్నాయా?" లేదు అంటే దవడ విరిగిందనే అనుమానించాలి. చీకట్లో వెంట్రుకని పట్టే పన్ను విరిగిన ఎముక జరిగిన సంగతినీ పడుతుంది. 1275లోనే ఇటలీలో సలిచెటో ఊరి విలియం, విరిగిన కింద దవడ పళ్ళని పై పళ్ళకి కట్టేయమని రాశాడు. ఆ ఉపాయాన్ని లోకం మరిచిపోతే 1887లో అమెరికాలో గిల్మర్ మళ్ళీ వెలికి తెచ్చాడు. 1970ల నుంచి చిన్న చిన్న ప్లేట్లు, స్క్రూలు వచ్చాయి. అయినా స్క్రూ బిగించేముందు సర్జన్ మొదట పళ్ళని కలిపి కడతాడు. ముక్కలైన ఎముకకి తన చోటు ఏదో చెప్పే గుర్తు పళ్ళ కలయికే. తాపీమేస్త్రీకి గోడ కట్టేటప్పుడు తూకపు గుండు ఎంతో, దవడ కట్టేవాళ్ళకి పళ్ళ కలయిక అంత.

ఆరేళ్ళ పన్ను గురించీ చెప్పాలి. ఆరో ఏట పాలపళ్ళ వెనక, ఏ పన్నూ ఊడకుండానే, మొదటి పెద్ద దవడపన్ను వస్తుంది. ఏదీ ఊడలేదు కాబట్టి చాలామంది తల్లిదండ్రులు దాన్నీ పాలపన్నే అనుకుంటారు. పుచ్చితే "ఎలాగూ ఊడిపోయేదేగా" అని వదిలేస్తారు. అది ఊడిపోయేది కాదు. పైదీ కిందదీ కలిసే తీరునే యాంగిల్ తన తరగతులకి ఆధారంగా తీసుకున్నాడు. దాన్ని పన్నెండేళ్ళకో పదిహేనేళ్ళకో పీకించేస్తే, పక్క ప్రయాణికుడు దిగిపోయాక బస్సులో నిద్రపోతున్నవాడు ఖాళీ సీటు మీదకి ఒరిగినట్టు వెనక పన్ను ఒరుగుతుంది. ఎదురు దవడలోని పన్ను ఆ ఖాళీలోకి జరుగుతుంది. పదేళ్ళ తర్వాత అక్కడ పన్ను కట్టించుకుందామంటే చోటు ఉండదు.

అలాగని పోయిన ప్రతి పన్నునీ మళ్ళీ పెట్టించుకోవాలనీ కాదు. 1981లో నెదర్లాండ్స్‌లో కైజర్ అనే దంతవైద్యుడు, వెనక దవడపళ్ళు కొన్ని లేకపోయినా ముందుపళ్ళూ వాటి వెనక చిన్న దవడపళ్ళూ సరిగా కలుస్తుంటే మనిషి చక్కగా తినగలడని చూపించాడు. చివర పన్ను లేదని దిగులు పడుతున్న 70 ఏళ్ళ ముసలాయన్ని ఇంప్లాంట్ దాకా తోసుకెళ్ళేముందు ఆ మాట గుర్తు తెచ్చుకోవాలి.

వక్క గురించి కొంచెం గట్టిగానే చెబుతాను. గుట్కా, వక్క కలిసిన పొట్లాలు నమిలేవాళ్ళ బుగ్గల లోపలి పొర తెల్లబడి, తాళ్ళలా గట్టిపడి, నోరు మూడు వేళ్ళ నుంచి రెండుకి, రెండు నుంచి ఒకటికి దిగుతుంది. 1950ల మొదట్లో బొంబాయిలో జోషీ అనే డాక్టరు ఈ జబ్బుకి సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్ అని పేరు పెట్టాడు. కేరళలో 66 మందిని 17 ఏళ్ళు వెంబడిస్తే వాళ్ళలో 7.6 శాతం మందికి నోటి క్యాన్సర్ వచ్చింది. వక్క క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం 2004లో ప్రచురించిన గ్రంథంలో చెప్పింది. ఇక్కడ కీలు తప్పు లేదు, పళ్ళ తప్పు లేదు, కానీ కదలిక పోయింది. కారం తగిలితే భగ్గుమంటోంది, ఆవకాయ ముట్టుకోలేకపోతున్నాను అని ఎవరైనా అంటే వాళ్ళని మూడు వేళ్ళు పెట్టి చూడమనండి. కాలేజీ కుర్రాడైనా సరే. ఆ దశలో అలవాటు మానేస్తే జబ్బు ముదరకుండా చాలావరకు ఆగుతుంది.

కట్టుడు పళ్ళ దగ్గర ఈ విషయాలన్నీ ఒకచోట చేరతాయి. సొంత పళ్ళలో కోరపన్ను ఒక్కటే తాకడం మంచిది అన్నాను. కట్టుడు పళ్ళకి దానికి ఎదురు. అవి చిగుళ్ళ మీద ఆనుకుని కూర్చునేవి కాబట్టి పక్కకి జరిపేటప్పుడు రెండువైపులా తాకాలి, లేకపోతే ఒకవైపు నొక్కితే రెండోవైపు లేస్తుంది. ఏళ్ళ తరబడి పళ్ళు లేనివాళ్ళు చిగుళ్ళతో నమలడానికి దవడని ముందుకు తెచ్చి కరవడం అలవాటు చేసుకుని ఉంటారు. అందుకే డాక్టరు మైనపు దిమ్మలు నోట్లో పెట్టి "నాలుక కొన వెనక్కి మడిచి అంగిలికి ఆనించి, మెల్లగా మూయండి" అంటారు. అలా మూస్తే దవడ తన అసలు చోటుకి పోతుంది. ఆ కొలత తప్పితే పళ్ళు ఎంత తెల్లగా, ఎంత ఖరీదుగా ఉన్నా పనికిరావు. ఎత్తు ఎక్కువైతే మాట్లాడుతుంటే టకటకమంటాయి, తక్కువైతే పెదవి మూలలు పగిలి పుండ్లు పడతాయి, గడ్డం ముక్కుకి దగ్గరవుతుంది.

మా మామ్మకి మొదటిసారి కట్టించిన పళ్ళు అలాంటివే. వాటిని ఆవిడ పెళ్ళిళ్ళకీ ఫోటోలకీ పెట్టుకుని, భోజనానికి కూర్చునేముందు తీసి స్టీలు గిన్నెలో వేసేది. "ఇవి నావి కావురా, నా నోట్లో ఎవరో కూర్చున్నట్టుంది" అనేది. తినకపోవడం వయసువల్లేనని మేమంతా అనుకున్నాం. ఆరేడేళ్ళు జావ, మెత్తగా కలిపిన పప్పన్నం, బ్యారేజీ దాటి ఆత్రేయపురం నుంచి ఎవరైనా తెస్తే నోట్లో వేసుకోగానే కరిగిపోయే పూతరేకు, ఇంతే ఆవిడ తిండి. తర్వాత ఇంకో డాక్టరమ్మ మైనం దిమ్మలతో మూడుసార్లు కొలత తీసింది, ఒక్కోసారి అరగంట కూర్చోబెట్టింది. పళ్ళు ఇచ్చాక వారానికోసారి రమ్మని, నీలం కాగితం పెట్టి ఎక్కడ ఎక్కువ తగులుతోందో చూసి గీకింది. మూడోసారి వెళ్ళొచ్చిన రోజు మామ్మ వంటింట్లోకి వచ్చి, తనకి విడిగా మెత్తగా కలిపి ఉంచిన గిన్నె పక్కకి జరిపి, మాతోపాటు పీట వేసుకుంది. అల్లం పెసరట్టు తుంచి ఒకవైపు నమిలింది, రెండోవైపుకి మార్చి నమిలింది. "రెండువైపులా ఆనుతున్నాయర్రా" అని, ఇంకోటి వేయమంది.